వాడ యెల్ల – నగరవాసి దృష్టి

నగరమునందలి యొక వాడ యెచ్చట మొదలై యెచ్చట ముగియునని యడిగినచో, ఆ వాడలోనే పుట్టి పెరిగినవాడు సైతము వెంటనే సమాధానము చెప్పజాలడు. వాడ పేరు చెప్పును. అందలి గుడి, మసీదు, కూడలి, సంత, సినిమాహాలు ఎచ్చటనున్నవో చెప్పును. తన యిల్లు ఆ వాడలోనిదే యనుటకు సందేహింపడు. కాని నాలుగు వీధుల కావలనున్న సందు ఈ వాడకు చెందునా, ప్రక్కవాడకు చెందునా యన్నచో ఇరుగుపొరుగువారే వేఱువేఱు సమాధానములిత్తురు. పురపాలక సంఘమువారి పటమున గీత స్పష్టముగనే యుండును. ఆ గీతను వాసులు తఱచుగా నెఱుగరు. ఎఱిగినను మాటలలో పాటింపరు. ఈ వైరుధ్యము నగరవాసుల యజ్ఞానమువలన కలిగినదా, లేక వాడ యనుదాని స్వరూపమే యట్టిదా యనునది విచారణీయము.

ఈ ప్రశ్న భూగోళ, సమాజ శాస్త్రములకు సంబంధించినదని తలంచి భాషాసాహిత్యములు చదువువారు సాధారణముగ దీని జోలికి పోరు. కాని దీనికి వలయు సాక్ష్యములో పెద్దభాగము మనయొద్దనే యున్నది. వాడలకు జనులు పెట్టుకొన్న పేర్లు, ఇంటి జాడ చెప్పునపుడు వారు వాడు మాటలు, పురమును వర్ణించిన కావ్యములు, శాసనములు, దస్తావేజులు – ఇవియన్నియు భాషాసామగ్రియే. ఈ సామగ్రిని పరిశీలించి, వాడ యెల్లను గూర్చి నగరవాసి దృష్టి యెట్టిదో నిర్ణయించుటయు, ఆ దృష్టి యొక్క లోపమును విమర్శించుటయు నీ వ్యాసమునకు ప్రయోజనములు. నా సిద్ధాంతమును ముందుగనే చెప్పుచున్నాను. వాసి తన వాడను నడిమినుండి తెలిసికొనును, అంచునుండి కాదు. అంచు స్పష్టముగ తెలిసినవాడు ఆ యంచుకడ నిలిపివేయబడినవాడు. కావున లోపలివారిని మాత్రమే యడిగి వాడ హద్దులను నిర్ణయించు పరిశోధన సగము సత్యమునే చెప్పగలదు.

మాటల సాక్ష్యము

తెలుగున నగరభాగములను చెప్పు మాటలు పెక్కు కలవు: వాడ, పేట, పురము, పాళెము, గూడెము, లంక, దిబ్బ, బజారు, గంజి, బస్తీ. సంస్కృతమున 'వాట' శబ్దమునకు ఆవరణము, కంచెతో చుట్టబడిన చోటు అను నర్థములున్నవి. తెలుగు వాడయందు ఆ ఆవరణార్థము మఱుగుపడి, జనులు గుంపుగ నివసించు తావు అను నర్థమే నిలిచినది. కంచె పోయినది, జనము మిగిలినది. ఈ యర్థపరిణామము మనకు మొదటి సాక్ష్యము. పేట, బజారు, గంజి యనునవి క్రయవిక్రయములను స్మరింపజేయును. దిబ్బ మెరకనేలను తెలుపును. వీనిలో లంక మాత్రము నీటిచే చుట్టబడిన నేల గనుక దానికి అంచు కలదు. దాని సంగతి ముందు చెప్పెదను.

ఇక ఇంటి జాడ చెప్పు రీతిని గమనింపుడు. 'గుడి వెనుక', 'బడి ఎదుట', 'నీళ్ళ ట్యాంకు ప్రక్కన', 'సినిమాహాలు దాటిన తరువాత' – ఇట్లే చెప్పుదురు కాని, ఫలానా వీధికి తూర్పునను ఫలానా కాలువకు పడమటను గల భూభాగములోపల అని యెవరును చెప్పరు. చెప్పువాని మనసున నొక స్థిరమైన వస్తువు నిలిచియుండును. తక్కినదంతయు దానిని బట్టి కొలువబడును. అట్టి వస్తువు నిలిచిన తావునకు కృష్ణా గుంటూరు మండలములలో సెంటరు అనియు, విశాఖ ప్రాంతమున జంక్షన్ అనియు, రాయలసీమలో సర్కిలు అనియు, తెలంగాణమున చౌరస్తా అనియు పేర్లు. మాట మాఱినను భావమొక్కటే. విశాఖపట్టణమున జగదాంబ యను సినిమాహాలు పేర నొక కూడలియు, దాని చుట్టునున్న ప్రదేశమంతయు పిలువబడుచున్నది. ఆ ప్రదేశము కూడలినుండి యెంతదూరము వ్యాపించునో నిర్ణయించినవారు లేరు; నిర్ణయింపవలసిన యవసరమును ఎవరికి కలుగలేదు. కన్యాశుల్క నాటకము విజయనగరమున బొంకులదిబ్బకడ ప్రారంభమగును. గురజాడవారు ఆ దిబ్బ యెంతవఱకో చెప్పలేదు. అది యెఱిగినవారికి చెప్పనక్కఱలేదు, ఎఱుగనివారికి చెప్పినను ప్రయోజనము లేదు.

దీనికి ప్రతిగా దస్తావేజును చూడుడు. స్థలము అమ్మునపుడు చెక్కుబందీ వ్రాయక తప్పదు. తూర్పున నెవరి స్థలము, దక్షిణమున నెవరి గోడ, పడమట నేవీధి, ఉత్తరమున నేకాలువ అని నాలుగు దిక్కుల హద్దులను పేర్కొనినగాని ఆ పత్రము చెల్లదు. మన శాసనములలోని భూదానములును ఇట్టివే. దాన మిచ్చిన పొలమునకు రాయి, పుట్ట, చెట్టు, చెఱువు, త్రోవ మున్నగువానిని ఎల్లలుగా వరుసగ చెక్కించిరి. దీనినిబట్టి తెలుగువారికి గీత తెలియదనరాదు. గీత బాగుగ తెలియును. కాని అది సొత్తునకు వలయునది. నివాసమునకు వలయునది కాదు. సొత్తునకు అంచు ప్రధానము. నివాసమునకు నడుము ప్రధానము. ఒకే మనుష్యుడు తన యింటిస్థలమును అంగుళములతో కొలుచును. తన వాడను కొలువనే కొలువడు.

గ్రామమున ఈ రెండును కలిసియుండెను. ఊరి నడుమ బొడ్రాయి, ఊరి చివర పొలిమేర. బొడ్రాయి యనగా బొడ్డురాయి. ఊరిని శరీరముగ నెంచి దానికి నాభి నిర్ణయించిరి. పొలిమేరకు వేఱుగ దేవతలు, వేఱుగ పూజలు కలవు. నగరము పెరిగి గ్రామములను మ్రింగినపుడు పొలిమేర ఇండ్లక్రింద పడి కనబడకుండపోయెను. బొడ్రాయి యంత సులభముగ పోలేదు. అది యున్నచోట పూజలందుకొనుచున్నది. లేనిచోట దాని పనిని కూడలియో, గుడియో, బస్సు ఆగు తావో చేయుచున్నది. నగరవాసికి పొలిమేర లేని బొడ్రాయి మిగిలినదని సంగ్రహముగ చెప్పవచ్చును.

లించ్ సిద్ధాంతము

పాశ్చాత్యులలో ఈ విషయమును శాస్త్రీయముగ విచారించినవారిలో కెవిన్ లించ్ ముఖ్యుడు. 1960లో వెలువడిన ఆయన గ్రంథము 'ది ఇమేజ్ ఆఫ్ ది సిటీ' బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజిలిస్ నగరముల వాసులు తమ నగరమును మనసున నెట్లు చిత్రించుకొందురో పరిశీలించినది. వాసుల మనఃపటమున ఐదు అంశములుండునని ఆయన నిరూపించెను. మార్గములు, అంచులు, ప్రాంతములు, కూడళ్ళు, ఆనవాళ్ళు అని వానిని మనము తెలుగున చెప్పుకొనవచ్చును. నగరము పటమున నున్నట్లు గాక నడచువాని మనసున నున్నట్లు చూడవలెనని గట్టిగ చెప్పి నగరనిర్మాతల దృష్టిని మార్చినవాడు గనుక ఆయనకు మనము ఋణపడియున్నాము. 1968లో టెరెన్స్ లీ యను పండితుడు కేంబ్రిడ్జి నగరవాసులను పరిశీలించి, ఇరుగుపొరుగు అనునది నేలమీద గీయబడిన వస్తువు కాదనియు, స్థలమును, స్నేహములను కలిపి ప్రతివ్యక్తియు తన మనసున నల్లుకొను నొక యాకృతి యనియు ప్రతిపాదించెను. మనము పైని చూపిన మాటల సాక్ష్యము ఈ ప్రతిపాదనకు బలము చేకూర్చుచున్నది.

కాని లించ్ గ్రంథమున నొక లోపము కలదు. ఆయన బోస్టనులో సుమారు ముప్పదిమందిని, తక్కిన రెండు నగరములలో పదునైదేసి మందిని ప్రశ్నించెను. వారిలో పెక్కురు మధ్యతరగతికి చెందిన ఉద్యోగులు, వృత్తినిపుణులు. తన పరీక్షకు గల ఈ పరిమితిని లించ్ దాచలేదు. సంఖ్య తక్కువ యగుట పెద్ద దోషము కాదు. ఎట్టివారిని ప్రశ్నించెను అనునదే విచారింపదగినది. నగరమున నెచ్చటికైనను నిరాటంకముగ పోగలవారికి అంచు అనునది ఒక కాలువయో, రైలుపట్టాయో, ఎత్తుగోడయో యగును. అనగా కంటికి కనబడు వస్తువగును. కాని కంటికి కనబడక, కాలికి మాత్రము తగులు అంచులు కలవు. వానిని గూర్చి ఆ ప్రశ్నలలో చోటు లేదు. ఈ లోపము లించ్‌దొక్కనిదే కాదు. మన కావ్యములలో మిక్కిలి సజీవమైన నగరచిత్రమున సైతము ఇది యున్నదని ముందు చూపెదను.

క్రీడాభిరామమునందలి ఓరుగల్లు

మన ప్రబంధములలో పురవర్ణనము తప్పనిసరి. కోట, అగడ్త, మేడలు, నాలుగు వర్ణముల ప్రజలు, వారకాంతలు, ఏనుగులు, గుఱ్ఱములు, పూలమ్మువారు, ఉద్యానములు – ఈ క్రమము ప్రసిద్ధము. ఆ నగరమున నెవరున్నారో కవి చెప్పును, ఎవరెచ్చటనున్నారో చెప్పడు. విప్రులు గలరు, విప్రుల వీధి లేదు. పూలమ్మువారు గలరు, వారి సందు లేదు. ప్రబంధనగరము జాతుల పట్టికయే కాని నడచుటకు వీలగు నేల కాదు. అందువలననే అరుణాస్పదపురమును గాని మధురాపురమును గాని చదివి పటము గీయుట సాధ్యము కాదు.

క్రీడాభిరామము ఇందులకు భిన్నము. ఇది వీథి యను రూపకభేదము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. వినుకొండ వల్లభరాయని పేర నున్న యీ కృతి శ్రీనాథునిదే యను వాదము చిరకాలముగ నున్నది. మన విషయమునకు ఆ వివాదముతో పని లేదు. బ్రాహ్మణుడైన మంచనశర్మయు, వర్తకుడైన టిట్టిభసెట్టియు నొకదినము ఓరుగల్లున తిరుగుట ఇందలి వస్తువు. తిరుగుటయే వస్తువగుటచే నగరము ఇచ్చట కాలినడకతో తెలియవచ్చును. వెలిపాళెము, మేదరవాడ, అక్కలవాడ మున్నగు పేర్లతో నగరభాగములు వచ్చును. పూటకూటి యిల్లు, కోడిపందెము, మైలారదేవుని భటుల సాహసములు, ఏకవీర గుడి, పలనాటి వీరుల కొలువు, మాచల్దేవి చిత్రశాల – ఒక్కొక్కటి యొక్కొక్క తావున కనబడును.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ వాడలు ఒక్కటియు చుట్టుకొలతతో వర్ణింపబడలేదు. అచ్చట జరుగుదానితోనే ప్రతి వాడయు పాఠకుని మనసున నిలుచును. స్నేహితులిద్దరు ఒక వాడను విడిచి మఱొక వాడను చేరునపుడు 'ఇచ్చట హద్దు దాటితిమి' అని యనుకొనరు. క్రొత్త దృశ్యము కంటబడుటయే క్రొత్త వాడ వచ్చుట. అగడ్త, కోటవాకిలి మాత్రమే ఇందులకు అపవాదములు. అవి రాజ్యముచే నిర్మింపబడిన హద్దులు; దాటుటకు వాకిలి కావలెను. వాడలు జనులచే నేర్పడినవి. వానికి వాకిండ్లు లేవు.

ఓరుగల్లు శిథిలములు ఈ భేదమును నేటికిని చూపుచున్నవి. రాతికోట, దాని వెలుపల మట్టికోట, అంతకంటె వెలుపల మఱొక మట్టికట్ట – ఇట్లు ప్రాకారములు ఒకదానిచుట్టు నొకటి యున్నవి. నడుమ స్వయంభూదేవుని ఆలయము నెలకొనిన తావున నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణములు నిలిచియున్నవి. అవి తలుపులు లేని ద్వారములు. కోటగోడ లోనికి రానీయకుండుటకు కట్టినది. తోరణము నడుమ యేదియో తెలుపుటకు నిలిపినది. అంచును కాపాడుటయు, నడుమును చూపుటయు వేఱువేఱు పనులని ఓరుగల్లు శిల్పులకు బాగుగ తెలియును.

కాని విమర్శకుడు ఇంతటితో నాగరాదు. మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఎచ్చటికైనను పోగలిగిరి. ఒకడు కులముచేతను, మఱొకడు ధనముచేతను స్వేచ్ఛగలవారు. వారికి నగరమంతయు వినోదస్థానము. మేదరవాడ వారికి దారిలోని దృశ్యము. మేదరవాడవాడు మాచల్దేవి చిత్రశాలను చూడగోరినచో నేమగునో కవి చెప్పలేదు. ఆ ప్రశ్న ఆ కృతిలో పుట్టనే లేదు. ఓరుగల్లు వాడల హద్దులు క్రీడాభిరామమున మెత్తగ నున్నవనిన, అవి యందఱికిని మెత్తగ నుండెనని కాదు. ఆ యిద్దఱికి మెత్తగ నుండెనని మాత్రమే యర్థము. బోస్టను ఉద్యోగులు లించ్‌కు చెప్పిన నగరమునకును, ఈ మిత్రులు మనకు చూపిన నగరమునకును ఈ విషయమున పోలిక కలదు.

హైదరాబాదు సాక్ష్యము

కావ్యమునుండి నేటి నగరమునకు వత్తము. 1591లో వెలసిన హైదరాబాదు నగరమునకు 18వ శతాబ్దిలో ప్రాకారము కట్టిరి. దానికి దర్వాజాలు పెక్కు. ప్రాకారము చాలవఱకు పోయినది. దర్వాజాలలో దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా మాత్రమే నిలిచియున్నవి. లాల్‌దర్వాజా లేదు, కాని లాల్‌దర్వాజా యను బస్తీ కలదు. ఆషాఢమున అచ్చటి సింహవాహిని అమ్మవారికి జరుగు బోనములకు లక్షలాది జనులు వత్తురు. దర్వాజా యనునది హద్దుమీది వస్తువు: లోపలిని వెలుపలినుండి వేఱుచేయునది. అట్టిది తాను కూలిపోయిన తరువాత నొక బస్తీకి నడుమ యయ్యెను. జూబిలీహిల్సు చెక్‌పోస్టు సంగతియు నింతే. చెక్‌పోస్టు అనగా దారిని అడ్డగించి తనిఖీచేయు తావు. నేడు అది కూడలిపేరు, మెట్రోరైలు స్టేషనుపేరు. ఆ మాట వినినవానికి అడ్డు స్ఫురింపదు, కలియు చోటు స్ఫురించును. నగరవాసి హద్దును ఎక్కువకాలము హద్దుగ నుండనీయడు. దానిచుట్టు అంగళ్ళు పెట్టి, దానిపేర బస్సు ఎక్కి, దానిని కూడలిగ మార్చుకొనును.

పాతబస్తీ యను పేరును చూడుడు. అక్షరార్థమునుబట్టి అది ప్రాచీనమైన భాగమునెల్ల చెప్పవలెను. మూసీనదికి ఉత్తరపుటొడ్డున నున్న బేగంబజారు, కార్వాను సైతము పాతవే. అయినను పాతబస్తీ యనగనే సామాన్యునకు స్ఫురించునది మూసీకి దక్షిణమున చార్మినారు చుట్టునున్న నగరము. ఇచ్చట వయసు హద్దు కాలేదు, ఏఱు హద్దయినది. అంతకంటె ముఖ్యముగ చార్మినారు నడుమయైనది. నెల్లూరి కేశవస్వామి తన కథలకు 'చార్మినార్ కథలు' అని పేరుంచినపుడు ఆ నాలుగు మీనారుల క్రింది నేలను మాత్రమే యుద్దేశింపలేదు. ఒక జీవనవిధానమును ఉద్దేశించెను.

సికింద్రాబాదు 1806లో ఆంగ్లసేనల నివాసముగ నేర్పడి సికందర్‌జా పేరు ధరించినది. దాని పురపాలనము 1960లో హైదరాబాదు నగరపాలనముతో కలిసిపోయెను. పటమునందలి గీత చెరిగి ఆరుదశాబ్దములు గడచినను, పాతవాసులు దానిని లష్కరు అనుచునే యున్నారు. ఉజ్జయినీ మహాకాళి జాతర లష్కరు బోనాలు అనియే ప్రసిద్ధము. సైన్యపు మాట అమ్మవారి పండుగకు పేరైనది.

దీనికి విపరీతమైన ఉదాహరణము హైటెక్ సిటీ. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడెను. ఆ నిర్మాణమునకు పెట్టిన హైటెక్ సిటీ యను పేరు క్రమముగ చుట్టుపట్ల గ్రామసీమలపై ప్రాకినది. మాదాపురము, కొండాపురము అను పేర్లు పోలేదు. కాని అద్దెకిచ్చువారును, అమ్మువారును తమ యిండ్లను ప్రకటించునపుడు గొప్ప పేరును దగ్గఱకు లాగుకొనుచున్నారు. పేరునకు విలువ కలిగినపుడు వాడ వ్యాపించును. పేరునకు చెడ్డ వచ్చినపుడు సంకోచించును. ఏదైన అల్లరి జరిగినపుడు 'అది మా వాడ కాదు, ప్రక్కది' యనుట లోకమున తఱచుగ వినబడు మాట. కావున వాసి మనసునందలి హద్దు అస్పష్టమగుట వట్టి మఱపు కాదు. దాని యస్పష్టతవలన అతనికి లాభము కలదు.

ఒక యాక్షేపము

వాసులు అధికారుల గీతలను పాటింపరనుట సరికాదనియు, పాటించిన సందర్భములు పెక్కు గలవనియు ఆక్షేపింపవచ్చును. ఇది త్రోసివేయదగిన యాక్షేపము కాదు. విజయవాడలో వన్‌టౌను అను పేరు పోలీసుఠాణాల సంఖ్యనుండి పుట్టినది. నేడు అది సంఖ్య కాదు. కొండకును రైలుమార్గమునకును నడుమనున్న పాత వర్తకనగరము. అచ్చటివారు ఆ పేరును అభిమానముతో చెప్పుకొందురు. హైదరాబాదున కూకట్‌పల్లి హౌసింగ్‌బోర్డు కాలనీని దశలవారీగ కట్టుటచే ఏర్పడిన ఫేజులను వాసులు తమ వాడపేర్లుగనే వాడుచున్నారు.

ఈ యుదాహరణములను పరికించినచో అధికారుల గీత రెండు సందర్భములలో జీవము పొందినదని తెలియును. నేలమీద దాటుటకు శ్రమయగు వస్తువు ఆ గీతకు తోడైనపుడు – విజయవాడ రైలుమార్గమువలె – అది నిలుచును. జనులందఱు ఒక్క తూరి వచ్చి, ఒక్క తీరు ఇండ్లలో చేరి, వేఱు పేరు లేనపుడు – హౌసింగ్‌బోర్డు ఫేజులవలె – అది నిలుచును. ఈ రెండును లేనిచో నిలువదు. హైదరాబాదు ఇంటినంబరులో మొదటి అంకె వార్డును తెలుపును. దానిని ప్రతిదినము ఉత్తరములపై వ్రాయువారిలో ఆ వార్డు ఎంతవఱకో చెప్పగలవారు అరుదు.

ఓరుగల్లే దీనికి మఱొక నిదర్శనము. 2021లో జిల్లాల పేర్లును, ఎల్లలును మార్చినపుడు హనుమకొండ యొక జిల్లాయందును, వరంగల్లు నగరము మఱొక జిల్లాయందును చేరెను. నగరపాలకసంస్థ మాత్రము రెంటికిని ఒక్కటే. ఉదయము హనుమకొండలో బయలుదేరి వరంగల్లు అంగడికి పోయి వచ్చువాడు జిల్లా దాటి వచ్చితినని యనుకొనడు. దరఖాస్తు పట్టుకొని ఏ కార్యాలయమునకు పోవలెనో విచారింపవలసి వచ్చిననాడే ఆ గీత యతనికి కనబడును. అనగా గీత తనను ఆపిన క్షణముననే వాసి దానిని చూచును.

లంకలను గూర్చి చెప్పెదనంటిని. విజయవాడలోని కృష్ణలంక బందరుకాలువకును కృష్ణానదికిని నడుమ నున్నది. అచ్చటివారిని హద్దు చెప్పుమనిన వెంటనే చెప్పగలరు; నీరు వారికి నేర్పినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరు మున్నగు ప్రదేశములు మునిగినపుడు, ఏ వీధివఱకు నీరు వచ్చినదో ఆ వీధి అచ్చటివారికి మఱవరాని యెల్ల యైనది. అంతకు పూర్వము ఆ గీత ఎవరి మనఃపటమునను లేదు. ప్రమాదమును, నిషేధమును హద్దును స్పష్టము చేయును. సుఖజీవనము దానిని మఱపించును. వరద యందఱికిని ఒక్క తీరు వచ్చునది. నిషేధము కొందఱికే వచ్చునది. కావున నిషేధమును వేఱుగ విచారింపవలెను.

వెలి

క్రీడాభిరామమునందలి వెలిపాళెము కోటకు వెలుపలి పాళెము. 'వెలి' యనగా బయట. ఈ చిన్న మాటనుండియే వెలివేయుట, వెలివాడ యను మాటలు పుట్టినవి. తెలుగున నివాసస్థలములను చెప్పు మాటలలో హద్దును ప్రధానార్థముగ గలది వెలివాడ యొక్కటే. తక్కిన వాడలు తమలోని దానినిబట్టి పేరొందినవి: గుడి, సంత, వృత్తి, స్థాపకుడు. వెలివాడ మాత్రము తాను దేనికి వెలుపల నున్నదో దానినిబట్టి పేరొందినది. దాని నడుమ యేదియో ఆ పేరు పెట్టినవారు విచారింపలేదు. దాని యంచు వారికి చాలెను.

మన వాడలకు అంచులు లేవనుట ఎంతవఱకు సత్యమో ఇచ్చట తేలును. లోపలివానికి లేవు. జాషువ 1941లో వెలువరించిన గబ్బిలము ఈ విషయమున గొప్ప ప్రమాణము. సందేశకావ్యములలో మేఘమో హంసయో దూతయగుట దూరమును దాటుటకు. గబ్బిలము దూతయగుట గడపను దాటుటకు. ఆలయప్రవేశము లేని మనుష్యుడు ఆలయమున స్వేచ్ఛగ వ్రేలాడు గబ్బిలముచేత తన మొఱ నంపుకొనెను. దేవుని సన్నిధికిని తనకును నడుమనున్న గీత యెచ్చటనున్నదో ఆ నాయకుడు సూదిమొన యంత ఖచ్చితముగ నెఱుగును. అదే గీత లోపలికి ప్రతిదినము పోయివచ్చు భక్తునకు గడపరాయి మాత్రమే. 1922 నాటి మాలపల్లి నవలకు ఉన్నవవారు పెట్టిన పేరులోను ఈ సత్యమే యున్నది: ఊరిలోనివారు తమ భాగమును 'ఊరు' అందురు, పల్లెకు మాత్రము కులము తగిలింతురు.

ఇది గడచిన కథయని యనుకొనుటకు వీలులేదు. 2016లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున వసతిగృహములనుండి బహిష్కృతులైన దళిత విద్యార్థులు తమ శిబిరమునకు వెలివాడ యని పేరుపెట్టిరి. ప్రాంగణపు పటమున ఆ పేరుగల చోటు లేదు. వారు హద్దును కనుగొనలేదు. తమపై గీయబడిన హద్దుకు దాని పాతపేరును చెప్పిరి. నగరమున అద్దెయిల్లు వెదకువారి అనుభవమును ఇట్టిదే. ఇంటిముందు 'టులెట్' బోర్డు వ్రేలాడుచుండును. వచ్చినవాని కులమో మతమో యడిగిన పిమ్మట 'ఇప్పుడే వేఱొకరికి మాట ఇచ్చితిమి' అను సమాధానము వచ్చును. ఆ వీధికి గోడ లేదు, గేటు లేదు. అయినను అతడు హద్దునకు వచ్చి వెనుదిరిగినాడు. అట్లు పది వీధులు తిరిగినవాడు ఆ వాడ పటమును వాసులకంటె స్పష్టముగ గీయగలడు.

పరిశోధకులకు సూచన

పై విచారణవలన తేలిన యంశములు మూడు. మొదటిది: వాసి తన వాడను నడిమినుండి తెలిసికొనును గనుక, హద్దు గీయుమని అతనిని నిర్బంధించి, ఆ గీత వంకరగ నున్నదని ఆక్షేపించుట అన్యాయము. రెండవది: ఆ యస్పష్టత నిర్దోషము కాదు. అనుకూలమైనపుడు పేరు పెంచుకొనుటకును, ప్రతికూలమైనపుడు తప్పించుకొనుటకును, ఎవరిని రానీయలేదో తెలియనట్లుండుటకును అది యుపకరించును. మూడవది: హద్దునకు నిజమైన సాక్షి వెలుపల నిలిచినవాడు.

కావున ఈ విషయమున పనిచేయ దలచిన పరిశోధక విద్యార్థులు వాడపేర్లను సేకరించునపుడు ఆ పేరు ఎవరి నోట వినబడినదో తప్పక గుర్తింపవలెను. లోపలివారు తమ వాడను పిలుచు పేరును, ప్రక్కవాడవారు దానిని పిలుచు పేరును ఒక్కటి కాకపోవచ్చును; ఆ రెంటి నడుమ భేదమే పరిశీలింపదగిన వస్తువు. ఇండ్లలో పనిచేయువారు, చెత్త ఎత్తువారు, తోపుడుబండ్లవారు, ఆటో నడుపువారు, ఇల్లు దొరకక తిరిగినవారు – వీరు వాడల సందులను ప్రతిదినము దాటువారు, దాటబోయి ఆగువారు. వారి మాటలను వ్రాసికొనక కేవలము స్థిరనివాసులను ప్రశ్నించినచో మనము మంచనశర్మ వెంట మఱొకసారి విహరించిన వారమగుదుము. ఆ విహారము రమ్యమే. కాని మేదరవాడవాడు నగరమునుగూర్చి యేమనుకొనెనో మనకు ఆ నాడు తెలియలేదు. ఈ నాడు అడుగుటకు అతడు మన యెదుటనే యున్నాడు.